కుక్క చింతపండు తింటే: పెంపుడు జంతువుల విషప్రమాదంలో మొదటి గంట

2023లో ఉగాదికి రెండు రోజుల ముందు, ఒక సోమవారం మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. నేను ఆఫీసులో ఉన్నాను. మా శ్రీమతి ఉద్యోగానికి, పిల్లలు బడికి వెళ్ళారు. ఇంట్లో ఉన్నది తెనాలి నుండి ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారు, ముప్ఫై కిలోల బరువున్న మా లాబ్రడార్ కుక్క రాజా. పండుగనాటి పులిహోర కోసం ఆవిడ అరకిలో చింతపండు పొట్లం విప్పి, ఈనెలు ఏరి, వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి పొట్లం నేల మీద చిరిగి పడి ఉంది. దాని పక్కన రాజా మూతి నాక్కుంటూ కూర్చున్నాడు.

ఆవిడ వెంటనే నాకు ఫోన్ చేశారు. "చింతపండే కదా అత్తయ్యగారూ, మహా అయితే సాయంత్రందాకా రెండుమూడుసార్లు బయటికి తిప్పవలసి వస్తుంది" అని నవ్వి ఫోన్ పెట్టేశాను. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని పాతికేళ్ళుగా ఆ వృత్తిలోనే ఉన్నవాణ్ణి. చింతపండులో ఏముందో నాకు బాగా తెలుసు. అది కుక్క శరీరంలో ఏం చేస్తుందో మాత్రం తెలియదు.

గంట గడిచాక మళ్ళీ ఫోన్ వచ్చింది. "బాబూ, వీడు రెండుసార్లు కక్కాడు. గిన్నెడు నీళ్ళు తాగేశాడు, ఇంకా తాగుతున్నాడు. పిలిస్తే లేవడం లేదు. ఉప్పునీళ్ళు పట్టించమంటారా?" ఈసారి నాకు నవ్వు రాలేదు. అయినా ఏం చెప్పాలో తోచలేదు. వద్దనడానికి కారణం తెలియదు, సరేననడానికి ధైర్యం లేదు. జంతువులకు విషప్రమాదం జరిగినప్పుడు సలహా చెప్పే కేంద్రం ఒకటి ఉన్నదని ఎప్పుడో విన్న గుర్తు. నంబరు వెతికి పట్టుకుని, అత్తగారిని కూడా అదే లైనులో కలిపాను. అవతలి పశువైద్యురాలు మొదట అన్నమాట "ఉప్పునీళ్ళు వద్దు". రెండవ మాట "ఇప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి".

ఈ దేశంలో మనవాళ్ళ ఇళ్ళలో కుక్కలు, పిల్లులు పెరగడం ఇప్పుడు సాధారణమైపోయింది. పిల్లల పోరు పడలేక తెచ్చుకున్నవారే ఎక్కువ అనుకోండి. పగలంతా వాటితో ఇంట్లో ఉండేది చాలా కుటుంబాల్లో స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులు. కారు నడపడం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, చుట్టుపక్కల ఎవరూ తెలియదు. ప్రమాదం జరిగిన క్షణాన ఒంటరిగా ఉండేది వారే. కనుక ఈ వ్యాసం పెంపుడు జంతువులున్న ఇళ్ళవారికి ఎంత ఉద్దేశించినదో, ఆ ఇళ్ళకు వచ్చే పెద్దవారికీ అంతే ఉద్దేశించినది.

ముందు చింతపండు సంగతి చెప్పుకుందాం. ద్రాక్షపండ్లు, కిస్‌మిస్‌లు తిన్న కుక్కలకు మూత్రపిండాలు చెడిపోతున్నాయని అమెరికాలోని పశువైద్యులు 2001లో తమ వృత్తిపత్రికలో హెచ్చరించారు. కారణం ఏమిటో ఇరవై ఏళ్ళపాటు తేలలేదు. పురుగుమందులు కావచ్చునన్నారు, బూజు కావచ్చునన్నారు. ఒక కుక్క గుప్పెడు తిని హాయిగా తిరుగుతుంటే, మరొకటి కొన్ని పండ్లకే ప్రాణం మీదికి తెచ్చుకునేది. ఆఖరికి దారి చూపినది పిల్లలు ఆడుకునే పిండిముద్ద. ఇంట్లో చేసుకునే అటువంటి ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ కలుపుతారు. దానిని తిన్న ఒక కుక్కకు అచ్చంగా ద్రాక్ష తిన్నప్పటి లక్షణాలే వచ్చాయి. క్రీమ్ ఆఫ్ టార్టార్ అంటే టార్టారిక్ ఆమ్లపు పొటాషియం లవణం. ద్రాక్షలోని పులుపుకు ముఖ్య కారణమూ టార్టారిక్ ఆమ్లమే. అసలు దోషి ఇదే కావచ్చునని 2021లో ప్రతిపాదించారు. 2022లో వెలువడిన మరొక పరిశోధన పత్రంలో క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కలతోపాటు చింతపండు తిన్న కుక్కల వివరాలు కూడా చేరాయి. వాటికీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

చింతపండు గుజ్జులో 8 నుండి 18 శాతం దాకా టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. ద్రాక్షపండులో ఉండేది దీనికి ఎన్నో రెట్లు తక్కువ, అదీ రకాన్నిబట్టి, పక్వాన్నిబట్టి మారుతుంది. ఒక కుక్కకు ఏమీ కాకపోవడం, మరొక కుక్క చావుబతుకుల్లో పడడం అన్న చిక్కుముడికి ఇది సమాధానమని భావిస్తున్నారు. మనం చారులో, పులుసులో, పచ్చడిలో రోజూ తినే ఈ ఆమ్లం మనకు హాని చేయదు. కుక్క మూత్రపిండం దానిని మనలాగా బయటికి పంపలేక, తన కణాలలోనే పోగుచేసుకుంటుందని ఇప్పటి ఊహ. వాంతులు, నీరసం, విపరీతమైన దాహం తొలి లక్షణాలు. ఒకటి రెండు రోజుల్లో మూత్రం తగ్గిపోయి ఆగిపోయే స్థితి వస్తే, అప్పుడు చేయగలిగినది బహు స్వల్పం.

ఇక్కడ మన వంటిల్లు ఒక్కసారి తలచుకోవాలి. సేమ్యా పాయసంలో, లడ్డూలో, రవ్వకేసరిలో కిస్‌మిస్ లేనిదే పండుగ కాదు. ప్రసాదం అరచేతిలో పెట్టుకుని తినే పిల్లల చుట్టూ తిరిగే కుక్కకు అందులో వాటా తప్పక దొరుకుతుంది. ఒక కిస్‌మిస్ తిన్నదని కంగారుపడి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తమని నా ఉద్దేశం కాదు. కాని ఇంతవరకు తింటే క్షేమం అన్న హద్దు ఎవరూ నిర్ణయించలేదు గనుక, ఫోన్ చేసి అడగడం వివేకం.

ఎవరికి ఫోన్ చేయాలి? అమెరికాలో ఇటువంటి కేంద్రాలు రెండు ప్రసిద్ధం. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1978లో మొదలై 1996లో ఏ.ఎస్.పి.సి.ఏ. సంస్థలో చేరిన జంతు విష నియంత్రణ కేంద్రం మొదటిది, నంబరు 888-426-4435. మిన్నెసోటాలోని పెట్ పాయిజన్ హెల్ప్‌లైన్ రెండవది, నంబరు 855-764-7661. రెండూ రాత్రింబవళ్ళు పనిచేస్తాయి. రెండూ రుసుము తీసుకోవచ్చు, క్రెడిట్ కార్డు దగ్గర పెట్టుకోండి. ఇంగ్లండులో ఉన్నవారికి ఇటువంటి సేవే 01202 509000 నంబరులో దొరుకుతుంది. వారు కేసుకొక సంఖ్య ఇస్తే దానిని రాసుకోండి. ఆసుపత్రిలోని వైద్యుడు ఆ సంఖ్య చెప్పి, కేంద్రంలోని విషవైద్య నిపుణులతో తానే మాట్లాడగలడు.

ఆ ఫోన్‌లో వారు అడిగేవి అయిదు సంగతులు: జంతువు ఏది, బరువెంత, ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎంతసేపయింది. తరువాతి వైద్యమంతా ఈ అయిదు జవాబుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ రోజు నాకు ఒక్కదానికీ సమాధానం తెలియదు. అన్నీ మా అత్తగారే చెప్పారు. నేల మీద మిగిలిన చింతపండును పారవేయకుండా పోగుచేసి, వంటింటి కాటాలో వేసి చూశారట. 320 గ్రాములు వచ్చింది. అంటే రాజా పొట్టలోకి వెళ్ళినది సుమారు 180 గ్రాములు. వేళ కూడా కచ్చితంగా చెప్పారు. తాను చూసే సీరియల్ ఒంటిగంటకు ముగియగానే స్నానానికి వెళ్ళారు, ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చారు. పాతికేళ్ళ ప్రయోగశాల అనుభవం ఉన్నవాణ్ణి నేను, కొలత తీసినది ఆవిడ.

కాబట్టి ఒంటరిగా ఉన్నవారు చేయవలసిన మొదటి పని, జంతువును ఆ పదార్థానికి దూరంగా మరో గదిలో ఉంచి తలుపు వేయడం. తరువాత మిగిలిన ముక్కలు, చిరిగిన పెట్టె, మందుసీసా, మొక్క ఆకు, ఏది దొరికితే అది ఒక సంచిలో వేసి ఉంచాలి. కక్కినదానిని కూడా అసహ్యపడకుండా కొంచెం ఎత్తిపెట్టండి, లేదా ఫోటో తీయండి. నేల శుభ్రం చేయాలన్న తొందర మన ఇల్లాండ్రకు సహజం. ఆ తొందరలో సాక్ష్యమంతా చెత్తబుట్ట పాలవుతుంది. బరువు తెలియకపోతే చిన్న జంతువును ఎత్తుకుని స్నానాలగదిలోని తూకంయంత్రం మీద నిలబడి, తరువాత మీ బరువు తీసివేయండి. పెద్ద కుక్క అయితే టీకాల కాగితంలో బరువు రాసి ఉంటుంది.

బరువుకు ఎందుకింత ప్రాధాన్యం అంటే, చాకొలెట్ మంచి ఉదాహరణ. అందులో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మన శరీరం దానిలో సగాన్ని 6 నుండి 10 గంటల్లో వదిలించుకుంటే, కుక్కకు సుమారు 17 గంటలు పడుతుంది. కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, చికాకు మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పవచ్చు. 60 దగ్గర మూర్ఛలు వస్తాయి. పది కిలోల కుక్కకు ఆ మొదటి హద్దు చేరాలంటే సాధారణమైన పాల చాకొలెట్ 100 గ్రాములు కావాలి. అదే కేకుల్లో వాడే తీపిలేని చాకొలెట్ అయితే 14 గ్రాములు చాలు. "చాకొలెట్ తిన్నది" అన్న ఒక్కమాటతో వైద్యుడికి తెలిసేది ఏమీ లేదు.

ఇక ఉప్పునీళ్ళ సంగతి. మా చిన్నతనంలో పల్లెల్లో ఎవరైనా విషం మింగితే ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు పట్టించి కక్కించడం నేను చూశాను. మా అత్తగారి ప్రశ్నకు మూలం ఆ జ్ఞాపకమే. కాని ఉప్పు కుక్కకు తానే ఒక విషం. వాంతి కాకపోతే ఆ ఉప్పంతా రక్తంలో చేరి, మెదడు కణాల్లోని నీటిని లాగివేసి, ఫిట్స్ తెప్పిస్తుంది, చంపుతుంది కూడా. పులుసు సంగతి పైన చెప్పుకున్నదే. గొంతులో వేలు పెట్టడం వల్ల కుక్క గొంతుకు గాయం, మన వేలికి కాటు తప్ప లాభం లేదు. పాలు, నెయ్యి విషాన్ని విరుస్తాయన్నది మరొక నమ్మకం. పట్టుచీరల మధ్య పెట్టే కలరా ఉండలను కుక్క మింగితే, కొవ్వు పదార్థం వాటిని ఇంకా త్వరగా ఒంటికి పట్టిస్తుంది. పూజలో వాడే కర్పూరం కూడా అలా త్వరగా ఒంటబట్టి ఫిట్స్ తెప్పించగలదు.

కక్కించడానికి ఇంట్లో వాడదగినది ఒక్కటే, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. అది కూడా కుక్కకు మాత్రమే, ఫోన్‌లో వైద్యుడు వాడమంటేనే. మోతాదు కుక్క బరువులో ప్రతి పౌనుకు 1 మిల్లీలీటరు, ఎంత పెద్ద కుక్కకైనా 45 మిల్లీలీటర్లు మించరాదు. జుట్టుకు రంగు వేసేటప్పుడు వాడే గాఢమైన పెరాక్సైడ్ వాడితే కడుపు కాలిపోతుంది. ఏళ్ళ తరబడి మూతతీసి వాడిన సీసాలో మందు నిర్వీర్యమైపోతుంది. ఒక చుక్క వేస్తే నురగ రాకపోతే అది పనికిరాదు. పిల్లికి ఇది ఎన్నడూ పట్టించరాదు, దాని కడుపులో రక్తస్రావం కలిగిస్తుంది.

కొన్నిటిని కక్కించడమే ప్రమాదం. మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లాలు, డ్రెయిన్ క్లీనర్లు లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి కాలుస్తాయి, బయటికి వచ్చేటప్పుడు రెండవసారి. కిరోసిన్, పెట్రోలు వంటివి కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. మత్తుగా ఉన్న, తూలుతున్న, ఫిట్స్ వస్తున్న జంతువును, పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులను ఇంట్లో కక్కించరాదు. తిని రెండు గంటలు దాటితే సాధారణంగా ప్రయోజనమూ ఉండదు. ఆసుపత్రిలో అయితే సూదిమందుతోనో, 2020లో ఈ దేశంలో అనుమతి పొందిన కంటిచుక్కల మందుతోనో కుక్కను నిమిషాల్లో కక్కిస్తారు. ఆసుపత్రి అరగంట దూరంలో ఉంటే పెరాక్సైడ్ జోలికి పోకుండా కారెక్కడం మేలని నా అభిప్రాయం.

పిల్లుల లెక్క వేరు. మనకు జ్వరం వస్తే వేసుకునే పారాసెటమాల్, ఇక్కడి టైలినాల్, మనవాళ్ళు సూట్‌కేసులో తెచ్చుకునే డోలో, క్రోసిన్, అన్నీ ఒకటే మందు. మన కాలేయం దానికి గ్లూక్యురోనిక్ ఆమ్లాన్ని జోడించి బయటికి పంపుతుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లిలో దాదాపు లేదు. వదిలించుకోలేని మందు విషంగా మారి, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితి తెస్తుంది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. పాపం నలతగా ఉన్నదని ప్రేమతో మాత్ర ముక్క పాలలో కలిపి పోసినవారి చేతుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. దీనికి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. కాని సమయానికి అందాలి.

లిల్లీ పూల విషయంలో మనవాళ్ళకు ఒక పొరపాటు జరగవచ్చు. మన ఊరి పూలబజారులో లిల్లీ అని అమ్మే తెల్లని పువ్వు నేలసంపెంగ, దానికీ ఈ విషానికీ సంబంధం లేదు. ఇక్కడ ఈస్టర్ పండుగకు, పుట్టినరోజు గుత్తుల్లో వచ్చే పెద్ద లిల్లీలు, పెరట్లో పెంచే డే లిల్లీలు వేరు. వాటి ఆకు, రేకు, పుప్పొడి, కూజాలోని నీరు, అన్నీ పిల్లి మూత్రపిండాలను నాశనం చేస్తాయి. ఒంటి మీద పడిన పుప్పొడిని నాక్కున్నా చాలు. పిల్లి ఉన్న ఇంటికి ఆ గుత్తి వస్తే గుమ్మం బయటే ఉంచండి. కుక్కల మీద ఈగలు, పిడుదులు పోవడానికి వేసే పెర్మెత్రిన్ మందును పిల్లికి వేయడం మరో ఘోరం. అటువంటిది జరిగితే గిన్నెలు తోమే సబ్బునీటితో, గోరువెచ్చని నీటితో వెంటనే ఒళ్ళు కడిగి, ఆరేదాకా తువ్వాలులో చుట్టి ఉంచి, ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

"బాగానే తిరుగుతోంది కదా, రేపు చూద్దాం" అన్న మాట అన్నిటికంటే ఎక్కువ మోసం చేస్తుంది. కారు ఇంజనులో పోసే యాంటీఫ్రీజ్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తాగిన కుక్క మొదట తాగుబోతులా తూలుతుంది. కొన్ని గంటలకు తేరుకున్నట్లే కనిపిస్తుంది. ఆ వ్యవధిలో కాలేయపు ఎంజైములు గ్లైకాల్‌ను ఆమ్లాలుగా మారుస్తుంటాయి. చివరికి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మూత్రపిండాలను పూడ్చివేస్తాయి. ఈ మార్పును మొదలుపెట్టే ఎంజైము మద్యాన్ని జీర్ణించేదే కనుక, పూర్వం పశువైద్యులు ఆల్కహాలునే రక్తంలోకి ఎక్కించి ఎంజైమును ఆ పనిలో నిలిపి ఉంచేవారు. ఇప్పుడు ఫోమెపిజోల్ అనే మందు ఉంది. పిల్లికి అది మూడు గంటల్లోపు అందకపోతే ఆశ వదులుకోవలసిందే. కుక్కకు 8 నుండి 12 గంటలు గడువు.

ఎలుకలమందు మరింత నెమ్మది. 1930ల్లో విస్కాన్సిన్‌లో బూజుపట్టిన గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోతుంటే, కార్ల్ లింక్ అనే రసాయనవేత్త దాని కారణాన్ని శోధించాడు. ఆ పరిశోధన నుండి వచ్చినదే వార్ఫరిన్. మన పెద్దవారు గుండెకు వాడే మందూ అదే, దాని సంతతి నేటి ఎలుకలమందుల్లోనూ ఉంది. తిన్న మూడు నుండి అయిదు రోజులదాకా కుక్కలో మార్పేమీ కనబడదు, తరువాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. ముందే తెలిస్తే కె1 విటమిన్ కొన్ని వారాలు ఇచ్చి కాపాడవచ్చు. బ్రోమెథాలిన్ అనే మరోరకం మెదడు మీద పనిచేస్తుంది, దానికి విరుగుడు లేదు. అందుకే ఎలుకలమందు పెట్టెను పారవేయరాదు, దానిమీది పేరు చదివి చెప్పాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగులగొట్టడం కూడా కొన్ని రోజుల తరువాతనే బయటపడుతుంది. వండినా వాటి విషగుణం పోదు.

చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ దీనికి పూర్తిగా విరుద్ధం. కుక్కలో అది ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి, అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయేట్లు చేస్తుంది. కుక్క నీరసించి తూలుతూ ఉంటే, ఫోన్‌లో వారు చెబితే, చిగుళ్ళ మీద తేనె రాయవచ్చు. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ వేయరాదు.

మా రాజా విషయానికి వస్తే, పక్కింటి విశ్రాంత ఉపాధ్యాయురాలు తన కారులో ఇద్దరినీ ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. నేను చేరేసరికి రాజా ముందు కాలికి సెలైను గొట్టం అమర్చి ఉంది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఎక్కించారు. రోజూ రక్తం తీసి క్రియాటినిన్ చూశారు. రెండవ రోజున అది కొద్దిగా పెరిగింది, మూడవ రోజున దిగింది. ఇంటికి పంపాక కూడా వారం తిరగకుండా మళ్ళీ పరీక్షించారు. బిల్లు చూసి మా అత్తగారు "ఈ డబ్బుతో మీ మామగారు కూడా వచ్చి వెళ్ళేవారు" అన్నారు.

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది. పై వరుసలో రాజా బరువు, కింద విషకేంద్రం నంబర్లు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి చిరునామా, పక్కింటావిడ నంబరు, అన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో ఉన్నాయి. ముందు నాకు ఫోన్ చేసి, నన్ను లైనులో ఉంచి, అప్పుడు కేంద్రానికి కలపాలన్నది కూడా రాశాము. ఇంగ్లీషు రాదని వెనుకాడేవారికి ఈ మూడు దిక్కుల ఫోన్ పద్ధతి చాలా ఉపయోగం, మీ ఇంట్లో ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూపించండి. కాగితం అడుగున మా అత్తగారు తిరిగి తెనాలి వెళ్ళేముందు తన చేతిరాతతో ఇంకో వాక్యం చేర్చారు: "మిగిలింది తూచి చూడండి. అల్లుడుగారు నవ్వితే ఇంకోసారి చెప్పండి."